ఆన్సర్ ఒక్కటే వేస్తే ఎలాగండీ, చిత్తు లెక్క కూడా వెయ్యండి

సంపాదకులు గారికి నమస్కారమండి,

నేను మండపేటలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే గుమాస్తానండి, ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని. మీ పేపరు మిల్లు ఆఫీసుకి వస్తుంది, అందరూ చదవడం అయ్యాక స్టూడెంట్స్ పేజీ ఒక్కటీ చింపి ఇంటికి పట్టుకెళ్తాను, మా అమ్మాయి ఈ ఏడు టెన్త్ కాబట్టి. మొన్న ఆ పేజీలో కెమిస్ట్రీ ఈక్వేషన్లు పది వేశారు, బ్యాలెన్స్ చెయ్యండి అని, అంటే ఇటూ అటూ పరమాణువుల లెక్క సరిపోయేలా ముందు అంకెలు పెట్టడం, కింద తలకిందులుగా ఆన్సర్లు వేశారు, మొదటిదానికి, అంటే ఇనుమూ నీటి ఆవిరీ కలిసేదానికి, 3, 4, 1, 4 అని, రెండోదానికి ఇంకో నాలుగు అంకెలు, అలా పదికి పది. అంతే. ఎలా వచ్చాయో ఒక్క ముక్క లేదు.

మా అమ్మాయి ఏం చేసిందంటే ఆ అంకెలు బట్టీ కొట్టేసిందండి, ఫోన్ నంబరు గుర్తుపెట్టుకున్నట్టు, మూడు నాలుగు ఒకటి నాలుగు, మూడు నాలుగు ఒకటి నాలుగు అని భోజనాల దగ్గర కూడా అదే. వారం తిరక్కుండా స్లిప్ టెస్టులో అదే ఈక్వేషన్ వచ్చింది, కాకపోతే వాళ్ళ సార్ నీళ్ళు ముందు రాసి ఇనుము తర్వాత రాశారట, ఈ పిల్ల చూసుకోకుండా 3, 4, 1, 4 పెట్టేసి వచ్చింది. మూడు నీళ్ళు, నాలుగు ఇనుములు. సున్నా మార్కులు. ఏడుస్తూ వచ్చి నాన్నా పేపర్లో తప్పు వేశారు అంది. మీరు తప్పు వెయ్యలేదండి, ఒప్పే వేశారు, నా గొడవ అల్లా ఏంటంటే ఒప్పు వేసి దారి వెయ్యలేదు.

నేను డిగ్రీ బీకామ్, సైన్సు నాదీ టెన్తుతోనే సరి, అప్పట్లో మాకు తెలుగు మీడియం, క్రియాజనకాలు క్రియాజన్యాలు అని నోరు తిరగని మాటలు, తుల్యం చేయుము అని ప్రశ్న. ఇప్పుడు వీళ్ళది ఇంగ్లీష్ మీడియం, రియాక్టెంట్స్ ప్రోడక్ట్స్ అంటారు, టెక్స్ట్ బుక్కులో ఓ పక్క ఇంగ్లీషు ఓ పక్క తెలుగు ఉంటుంది కాబట్టి నాలాంటి వాడు పక్క పేజీ చూసుకుని నెట్టుకొస్తాడు. ఆ రాత్రి కూర్చుని ఆ పాఠం మొత్తం చదివానండి. చదువుతుంటే నవ్వొచ్చింది, ఇది నేను రోజూ మిల్లులో చేసే పనే కదా అని.

ఎలాగంటే, మాకు వంద కేజీల ధాన్యం వస్తే గవర్నమెంటుకి 67 కేజీల పచ్చి బియ్యం లెక్క అప్పజెప్పాలి, మిగతాది ఊక, తవుడు, నూకలు. లోపలికి ఎంత బరువు వచ్చిందో బయటికి అంత బరువూ ఏదో ఒక రూపంలో చూపించాలి, చూపించకపోతే ఆడిటర్ ఊరుకోడు. కొత్తలో ఒకసారి నాకు వందకి మూడున్నర కేజీలు తగ్గింది, మూడు రోజులు నిద్ర పట్టలేదు, కాటా తప్పా, హమాలీలు ఏమన్నా చేశారా, చీటీలు పోయాయా అని చిట్టా ఆవర్జాలు అన్నీ తిరగేశాను. పాత గుమాస్తా గారు వచ్చి ఒకే ఒక్క మాట అడిగారు, ధాన్యం వచ్చినప్పుడు తేమ ఎంతోయ్ అని. 17 శాతం. ఆడేటప్పుడు? 14. అయితే ఇంకేంటి, నీళ్ళు గాలికి పోయాయి అన్నారు. లెక్క కట్టి చూస్తే సరిగ్గా అంతేనండి, వంద కేజీల్లో 83 కేజీలు గింజ, అది 14 శాతం తేమకి ఆరితే తొంభై ఆరున్నర అవుతుంది, పోయిన మూడున్నరా ఆవిరి. ఎక్కడికీ పోలేదు, నా పుస్తకంలో దానికి కాలమ్ లేదు, అంతే.

లావోయిజియే అని ఫ్రాన్సు ఆయన కూడా ఇదే పట్టుకున్నాడట. తగరాన్ని మూత బిగించిన సీసాలో పెట్టి వేడి చేస్తే, లోపల తగరం బూడిదలా మారినా సీసా మొత్తం బరువు మారలేదు. అంతకుముందు మూత లేకుండా కాల్చేవాళ్ళకి ఒకోసారి బరువు పెరిగేది ఒకోసారి తగ్గేది, ఎందుకో అంతు చిక్కేది కాదు, గాలి లెక్కలో రాయలేదు కాబట్టి. 1789లో వేసిన పుస్తకంలో ద్రాక్షరసం పులియడాన్ని ఇటు రసం, మధ్యలో ఈజీక్వల్టు, అటు వచ్చిన గ్యాసూ ఆల్కహాలూ అని జమాఖర్చులా రాసి చూపించాడు. ఆయనకి ఇంకో ఉద్యోగం కూడా ఉందండోయ్, రాజు గారి తరఫున పన్నులు వసూలు చేసే కంపెనీలో వాటాదారు, అంటే మా జాతి మనిషే, లెక్కల మనిషి. పాపం ఆ పన్నుల ఉద్యోగం వల్లే విప్లవంలో 1794 మే 8న తల తీసేశారు. ఈ సంగతి చెప్తే మా అమ్మాయి నువ్వు జాగ్రత్త నాన్నా అంది.

సరే, ఆ రాత్రి ముందు చిన్నది ఇచ్చాను. హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్ళు, చెయ్యి అన్నాను. ఇటు ఆక్సిజన్ ఓ2, అంటే రెండు పరమాణువులు, అటు హెచ్2ఓ లో ఒకటే ఉంది, ఒకటి తక్కువైంది. పిల్ల రెండు సెకన్లు చూసి హెచ్2ఓ పక్కన ఇంకో చిన్న 2 తగిలించి హెచ్2ఓ2 అని రాసేసింది, అటు రెండు ఇటు రెండు, టాలీ అయింది కదా నాన్నా అని నా మొహం చూసింది. టాలీ అయిన మాట నిజమేనండి! కానీ అది నీళ్ళు కాదు, హైడ్రోజన్ పెరాక్సైడ్, మెడికల్ షాపులో దెబ్బలు కడగడానికి అమ్ముతారు, పోస్తే తెల్లగా నురగ వస్తుంది చూడండి, అది. దాహం వేస్తే అది తాగుతావా అంటే నాలుక కరుచుకుంది.

అప్పుడు చెప్పాను, ఫార్ములా అంటే బస్తా మీద వేసిన ముద్ర, సోనా మసూరి అని ముద్ర ఉన్న బస్తా మీద నువ్వు స్వర్ణ అని రాయడానికి లేదు, ముద్ర జోలికి పోకూడదు, నీ చేతిలో ఉన్నదల్లా ఎన్ని బస్తాలు అనే లెక్క, అది ముందు రాసే పెద్ద అంకె. రెండు బస్తాల నీళ్ళు పెట్టుకో. ఆక్సిజన్ అటు రెండయింది, హైడ్రోజన్ అటు నాలుగయింది, కాబట్టి ఇటు హైడ్రోజన్ రెండు బస్తాలు. అయిపోయింది. వాళ్ళ టెక్స్ట్ బుక్కులో కూడా ఇదే ఉందండి, ప్రతి ఫార్ములా చుట్టూ డబ్బా గీసుకోండి, డబ్బా లోపల ఏదీ మార్చొద్దు అని. అంత మంచి మాట పుస్తకంలో ఉంటే గైడుల వాళ్ళూ మీరూ ఆ డబ్బా ఎందుకు ఎత్తేశారో నాకు అర్థం కాలేదు.

తర్వాత ఆ 3, 4, 1, 4 సంగతి చూశాం. ఇనుము మీద వేడి ఆవిరి పోతే ఎఫ్ఈ3ఓ4 (ఎఫ్ఈ అంటే ఇనుము) అనే ఆక్సైడూ హైడ్రోజనూ వస్తాయి. ఎక్కడ మొదలెట్టాలి అనేదే పిల్లలకి పెద్ద తలనొప్పి, ఎడమ చేతి వైపు నుంచి వరసగా పోతారు. అలా కాదు, గుంపులో ఎవరు లావుగా ఉన్నారో వాళ్ళతో మొదలెట్టాలి, ఇక్కడ ఎఫ్ఈ3ఓ4, అందులో ఆక్సిజన్ నాలుగు. ఇటు నీళ్ళలో ఒకటే, కాబట్టి నీళ్ళు నాలుగు. నీళ్ళు నాలుగు అనగానే హైడ్రోజన్ ఎనిమిది వచ్చి పడింది, అటు హెచ్2 లు నాలుగు. ఇనుము ఒంటరిగా ఉంది, దాన్ని ఎప్పుడూ ఆఖరున చూడాలి, ఎందుకంటే దాన్ని ఎంత మార్చినా పక్కోడి లెక్క చెడదు, అటు మూడు ఉంది ఇటు మూడు. ఇప్పుడు ఏది ముందు రాసినా ఏది వెనక రాసినా పిల్ల తడబడదు. కాటా కూడా వేశాం, ఇనుము 56 చొప్పున మూడు 168, నీళ్ళు 18 చొప్పున నాలుగు 72, వెరసి 240. అటు ఆక్సైడు 232, హైడ్రోజన్ 8, వెరసి 240. వేబ్రిడ్జి చీటీ చూసినంత ఆనందం వేసిందండి నాకు.

ఇక్కడ మీ పేజీ మీద ఇంకో ఫిర్యాదు. కిందకి చిన్నగా వెయ్యాల్సిన అంకెలూ ముందు వేసే పెద్ద అంకెలూ అన్నీ ఒకే సైజులో వేశారు, రెండు చోట్ల అయితే ‘ఓ’ అనే ఇంగ్లీషు అక్షరం బదులు సున్నా పడింది, దాంతో నీళ్ళు కాస్తా హెచ్ ఇరవై అయి కూర్చున్నాయి. చిన్న 2 అంటే బస్తా లోపలి సరుకు, పెద్ద 2 అంటే బస్తాల లెక్క, రెండూ ఒకేలా ఉంటే పిల్లలు ఏం చూసుకుంటారు? నేనూ ఫోన్లోనే కొడుతున్నాను ఈ ఉత్తరం, నాకూ చిన్న అంకెలు రావట్లేదు, కానీ నేను పరీక్ష పేజీ వెయ్యట్లేదు కదండీ.

మర్నాడు వంటింట్లో గ్యాస్ అయిపోయి సిలిండర్ మారుస్తుంటే అమ్మాయే అడిగింది, నాన్నా ఇందులో 14.2 కేజీల గ్యాస్ ఉండేది కదా, అది ఎక్కడికి పోయింది అని. ఇలాంటి ప్రశ్న టెస్టుల్లో ఎందుకు ఇవ్వరో! సిలిండర్లో ఉండేది బ్యూటేన్, ప్రొపేన్ కలిపి, లెక్క తేలిగ్గా ఉంటుందని మొత్తం బ్యూటేనే అనుకున్నాం. బ్యూటేన్ అంటే కార్బన్ 4, హైడ్రోజన్ 10. కాలితే కార్బన్ డయాక్సైడు నాలుగు, నీళ్ళు అయిదు. అటు ఆక్సిజన్ లెక్కపెడితే ఎనిమిదీ అయిదూ పదమూడు, ఇటు చూస్తే ఆక్సిజన్ జంటలుగా వస్తుంది, ఓ2, పదమూడుని జంటలు కట్టాలంటే ఆరున్నర. ఇక్కడే చాలామంది పిల్లలు పెన్ను కింద పెట్టేస్తారు, అర బస్తా ఎలా రాయాలి అని. కంగారు పడక్కర్లేదు, ఆరున్నర రాసేసి, మొత్తం అన్నిట్నీ రెండు పెట్టి గుణించు, బ్యూటేన్ 2, ఆక్సిజన్ 13, కార్బన్ డయాక్సైడు 8, నీళ్ళు 10. అంతే, సగాలు పోయాయి.

దీన్ని కేజీల్లోకి మారిస్తే వచ్చిన అంకెలు చూసి నాకే నమ్మకం కలగలేదండి, మూడుసార్లు వేశాను. 14.2 కేజీల గ్యాస్ కాలడానికి దాదాపు 51 కేజీల ఆక్సిజన్ కావాలి. రెండూ కలిపి 65. బయటికి వచ్చేది కార్బన్ డయాక్సైడు 43 కేజీలు, నీళ్ళు 22 కేజీలు, వెరసి 65. అంటే సిలిండర్ తెచ్చే కుర్రాడు భుజం మీద మోసుకొచ్చిన గ్యాస్ బరువు కన్నా మనం తగలేశాక వచ్చిన నీళ్ళ బరువే ఎక్కువ. మా ఆవిడ ఊరుకోలేదు, 22 కేజీల నీళ్ళా, మరి గట్టు మీద ఒక్క చుక్క కూడా పడదేవండీ అంది. ఫ్రిజ్జులోంచి చల్లటి స్టీలు గిన్నె తీసి మంట మీద పెట్టి చూపించాను, అడుగున పొగమంచు పట్టినట్టు చెమ్మ పట్టి ఒక్క నిమిషంలో ఆరిపోయింది. ఆ నీళ్ళలో కాస్త ఈ చెమ్మ, మిగతాది కిటికీలోంచి పోతుంది అన్నాను. నమ్మినట్టే కనిపించింది.

ఇంకో సంగతి, ఆ 51 కేజీల ఆక్సిజన్ మనకి గాలిలోంచి రావాలి, గాలి బరువులో ఆక్సిజన్ పావు వంతు కూడా లేదు, అంటే ఒక సిలిండర్‌కి రెండు వందల కేజీల పైన గాలి కావాలి, పదడుగుల గది అటూ ఇటూ ఎత్తూ పదేసి అడుగులు అనుకుంటే అలాంటివి ఆరేడు గదుల గాలి. కిటికీలు బిగించుకుని వంట చేస్తే, ఇంకా చెప్పాలంటే తలుపేసిన బాత్రూములో గ్యాస్ గీజర్ పెట్టుకుంటే, ఆ గాలి అందదు. పదమూడు అందాల్సిన చోట తొమ్మిదే అందాయనుకోండి, అప్పుడు లెక్క వేరేగా తేలుతుంది, బ్యూటేన్ 2, ఆక్సిజన్ 9, కార్బన్ మోనాక్సైడు 8, నీళ్ళు 10. చూడండి, ఇది కూడా పక్కాగా టాలీ అయింది, ఒక్క పరమాణువు తేడా లేదు. కానీ ఆ ఎనిమిది కార్బన్ మోనాక్సైడ్లూ మనుషుల్ని చంపేస్తాయి, రంగుండదు, వాసనుండదు, స్నానానికి వెళ్ళినవాళ్ళు స్నానానికి వెళ్ళినట్టే పోతారు. అలాంటి వార్తలు మీ పేపర్లోనే చదివానండి చలికాలంలో. ఆ వార్త పక్కన ఈ రెండు ఈక్వేషన్లూ వేస్తే ఎంత బాగుండేది!

అంటే లెక్క టాలీ అయింది కదా అని అది నిజంగా జరిగినట్టు కాదు. ఇరవై రెండేళ్ళలో రూపాయి పైసాతో సహా టాలీ అయిన దొంగ లెక్కలు ఎన్ని చూశానో చెప్తే మా ఓనరు గారు కంగారు పడతారు. మా అమ్మాయి రాసిన ఆ పెరాక్సైడు కూడా అలాంటిదే. ఏం వస్తుందో ప్రయోగం చేసి తెలుసుకోవాలి, ఎంత వస్తుందో మాత్రమే బ్యాలెన్స్ చెప్తుంది. ఈ తేడా నాకు చిన్నప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ ఆ రాత్రి దాకా ఆలోచించలేదు.

కట్టలు విప్పకూడదు అనేది ఇంకోటి. మాకు గోదావరి కాలవ నీళ్ళు, వరదల టైములో ఎర్రగా వస్తాయి, వాటర్ ట్యాంకుల దగ్గర పటికా సున్నమూ కలిపి తేరబెడతారు. ఆ ఫిల్టరు పటిక అంటే అల్యూమినియం సల్ఫేటు, ఏఎల్2 పక్కన బ్రాకెట్లో ఎస్ఓ4, బయట 3. పిల్లలు సల్ఫర్ విడిగా ఆక్సిజన్ విడిగా లెక్కపెట్టడం మొదలెడతారు, సున్నం అంటే కాల్షియం హైడ్రాక్సైడు, ఒక కాల్షియానికి రెండు ఓహెచ్‌లు, అందులోనూ ఆక్సిజన్ ఉంది, అటు వచ్చేవి కాల్షియం సల్ఫేటూ అల్యూమినియం హైడ్రాక్సైడూ, మొత్తం కలగాపులగం అయిపోతుంది. ఎస్ఓ4 ఇటు ఎలా ఉందో అటూ అలాగే ఉంది కదా, కట్ట విప్పకుండా కట్ట లెక్కే చూడు. మూడు కట్టలు, కాబట్టి కాల్షియం సల్ఫేటు మూడు, కాబట్టి సున్నం మూడు, అల్యూమినియం రెండు కాబట్టి అల్యూమినియం హైడ్రాక్సైడు రెండు, ఓహెచ్ కట్టలు అటు ఆరు ఇటు ఆరు. నాలుగు గీతల్లో అయిపోయింది. ఆ హైడ్రాక్సైడే తెట్టులా ఏర్పడి మట్టిని పట్టుకుని అడుక్కి దిగుతుంది.

అన్నిటికీ ఇలా చేత్తో కుదరదు, పొటాషియం పర్మాంగనేటు మీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ పోసేది ఒకటుంది, క్లోరిన్ వచ్చి మూడు చోట్ల కూర్చుంటుంది, తికమక. దానికి ఏ, బీ, సీ అని తెలియని అంకెలు పెట్టుకుని ఒక్కో మూలకానికి ఒక్కో లెక్క రాసుకుంటే దానంతట అదే విడిపోతుంది, పర్మాంగనేటు ఒకటి అనుకుంటే పొటాషియం క్లోరైడు ఒకటి, మాంగనీస్ క్లోరైడు ఒకటి, పర్మాంగనేటులో ఆక్సిజన్ నాలుగు కాబట్టి నీళ్ళు నాలుగు, యాసిడ్ ఎనిమిది, అందులో మూడు క్లోరిన్లు ఆ రెండు క్లోరైడ్లకీ పోతే మిగిలిన అయిదూ జంటలు కడితే రెండున్నర, మళ్ళీ రెండు పెట్టి గుణించడమే, పర్మాంగనేటు 2, యాసిడ్ 16, పొటాషియం క్లోరైడు 2, మాంగనీస్ క్లోరైడు 2, క్లోరిన్ 5, నీళ్ళు 8. వీళ్ళకి లెక్కల్లో ఈ ఏడే రేఖీయ సమీకరణాలు ఉన్నాయండి, ఎక్స్ వై పెట్టి వయసులూ పెన్నులూ పెన్సిళ్ళూ కనుక్కుంటున్నారు. ఆ లెక్కల పీరియడ్‌కీ ఈ సైన్సు పీరియడ్‌కీ మధ్య పది నిమిషాల ఇంటర్వెల్లే ఉంది, అయినా రెండూ ఒకటే అని ఎవరూ అనరు.

ఇంకోటి మర్చిపోయాను, ఏ అంకే పెట్టక్కర్లేనివి కూడా ఇస్తూ ఉండండి. గోడకి వేసిన సున్నం గాలిలో కార్బన్ డయాక్సైడు పీల్చుకుని మళ్ళీ సున్నపురాయిగా గట్టిపడి నీళ్ళు వదుల్తుంది, ఆ ఈక్వేషన్ రాసింది రాసినట్టే టాలీ అయి ఉంటుంది. ఖాళీగా వదిలేస్తే తప్పేమో అని పిల్లలు భయపడి ఏదో ఒక అంకె ఇరికిస్తారు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదండి. పది ఈక్వేషన్లు వెయ్యకండి, వారానికి ఒక్కటి వెయ్యండి, కానీ చిత్తు లెక్కతో సహా వెయ్యండి, మొదట తప్పు అంకె పెట్టి, కొట్టేసి, మళ్ళీ పెట్టి, ఆ కొట్టివేతలు కూడా కనిపించేలా. మా చిట్టాలో తప్పు పడితే చెరపకూడదండి, ఒక గీత కొట్టి పైన సరైన అంకె వేసి పక్కన సంతకం పెట్టాలి, ఎక్కడ తప్పామో తర్వాత వాడికి తెలియాలి కాబట్టి. టెక్స్ట్ బుక్కులోనే దీన్ని హిట్ అండ్ ట్రయల్ అన్నారు, మరి ట్రయల్ లేకుండా హిట్ ఒక్కటే అచ్చేస్తే ఎలా?

మా అమ్మాయి మీకు ఒకటి ఇవ్వమందండి, ఇనుము ఫ్యాక్టరీ కొలిమిలో జరిగేదట, ఎఫ్ఈ2ఓ3 మీద కార్బన్ మోనాక్సైడు పోతే ఇనుమూ కార్బన్ డయాక్సైడూ వస్తాయి. బ్యాలెన్స్ చేసి వచ్చే వారం వెయ్యండి. ఆన్సర్ తలకిందులుగా మాత్రం వెయ్యకండి.

ఇట్లు,
ఒక రైస్ మిల్లు గుమాస్తా,
మండపేట